గరిటె పక్కన పెట్టి

డిసెంబరు సగానికి వచ్చేసరికి మిషిగన్‌లో మా వీధిలో రేకు డబ్బాల రాకపోకలు మొదలవుతాయి. మూత మీద మంచుమనిషో క్రిస్మస్ తాతో ఉంటాడు. లోపల మైనం కాగితం పొరల మధ్య ఇంట్లో చేసిన తీపి. కుకీలు పెట్టేవాళ్ళు పెడతారు గానీ, ఈ చుట్టుపక్కల వాళ్ళకి పట్టింపు అంతా చాక్లెట్ ఫడ్జ్ మీదే. ముదురు గోధుమరంగు, నలుపలకల ముక్క. చూపుకి మన కోవాబిళ్ళకి మేనమామ కొడుకు. కొరికితే కాస్త బిగువు, నాలుక మీద పడగానే ఆ బిగువంతా ఎటు పోయిందో తెలియదు. ఉత్తరాలు తెచ్చే ఆయనకి కూడా ఒక పొట్లం వెళ్ళాలి. తపాలా ఉద్యోగులు ఒకసారికి 20 డాలర్లకు మించిన కానుక పుచ్చుకోకూడదని ఇక్కడ నిబంధన. ఇంటి ఫడ్జ్‌కి ధర కట్టే నాథుడు లేడు కాబట్టి ఏ పేచీ రాదు.

ఈ తీపి ఎక్కడ పుట్టిందో చెప్పడం కష్టం గానీ, పేరు తెచ్చుకున్నది మాత్రం ఆడపిల్లల హాస్టళ్ళలో. న్యూయార్క్ రాష్ట్రంలో పకిప్సీ అనే ఊళ్ళో వాసర్ కాలేజీ ఉంది. అప్పట్లో అది ఆడపిల్లలకే. అక్కడ చదువుకున్న ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ 1921లో రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. తన తోటి విద్యార్థిని చుట్టం ఒకరు 1886లో బాల్టిమోర్‌లో ఫడ్జ్ చేసేవారనీ, అది అక్కడ దుకాణంలో పౌను 40 సెంట్లకు అమ్ముడుపోయేదనీ, ఆ పాళ్ళు తాను సంపాదించి 1888లో సీనియర్ల వేలంపాట కోసం 30 పౌన్లు వండాననీ అందులో ఉంది. అది మొదలు. దీపాలు ఆర్పే వేళ దాటాక గదుల్లో గ్యాసు దీపం మంట మీద పంచదార, పాలు, చాక్లెట్ ఉడికించుకోవడం ఆ పిల్లలకి అలవాటైపోయింది. వెల్స్లీ, స్మిత్ కాలేజీల వాళ్ళు మేమేం తక్కువా అని తమ తమ పాళ్ళు తయారు చేసుకున్నారు. వార్డెన్ అడుగుల చప్పుడు వింటూ కరెంటు కాయిల్ మీద మ్యాగీ వండుకున్న మన హాస్టల్ పిల్లలకి ఈ చరిత్ర విడమరిచి చెప్పనక్కర్లేదు. దొంగచాటుగా వండినదానికి ఉండే రుచి వేరు. తర్వాతెప్పుడో అది పెద్దమనిషి తరహాలో పండగ డబ్బాలోకి ఎక్కింది.

మా పక్కింటి పెద్దావిడకి ఎనభై దగ్గర పడుతోంది. ఆవిడ పాళ్ళు పాతకాలపువి. మూడు కప్పుల పంచదార, కప్పులో మూడింట రెండు వంతుల కోకో, చిటికెడు ఉప్పు, ఒకటిన్నర కప్పు పాలు. దించాక పావు కప్పు వెన్న, ఒక చెంచా వెనిలా. హెర్షీ కోకో డబ్బా మీద ఏళ్ళ తరబడి అచ్చయిన పాళ్ళే ఇవి, రహస్యమేం లేదు. నేను మొదటిసారి వాళ్ళ వంటింట్లో నిలబడి చూస్తున్నప్పుడు అంతా మనకి తెలిసిన పనిలాగే సాగింది. అడుగు మందం గిన్నె. మొదట్లో పెద్ద పెద్ద బుడగలు, పాలపొంగు హడావుడి. తర్వాత బుడగలు చిన్నబడి, చిక్కబడి, గిన్నె అడుగు నుంచి బుడబుడమనే చప్పుడు కాస్తా గుబగుబలోకి దిగింది. పొంగు మొదలయ్యేదాకా కలిపింది. ఆ తర్వాత కలపడం మానేసి, తడి కుంచెతో గిన్నె గోడలు తుడిచింది, అంచున పంచదార ఎండి ఉండకూడదట. థర్మామీటరు 234 ఫారన్‌హీట్, అంటే మన 112 డిగ్రీలు చూపించగానే దించేసింది. వెన్న ముక్క పైన వేసింది. వెనిలా చిలకరించింది. గరిటె తీసుకెళ్ళి సింకులో పడేసింది.

తర్వాత వెళ్ళి కుర్చీలో కూర్చుంది. పేపర్లో గళ్ళ నుడికట్టు తీసి పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టింది.

గిన్నెలో వెన్న కరిగి, పచ్చగా, పాకం మీద వలయం కట్టి నిలబడిపోయింది. కలవలేదు. కలిపేవాళ్ళు లేరు. నాకు లోపల ఎవరో గిచ్చుతున్నట్టే ఉంది. అరిసెల పాకం, కొబ్బరిలౌజు, మైసూరుపాకు, పాలకోవా, ఏది తీసుకున్నా పెద్దవాళ్ళు నాకు నేర్పింది ఒక్కటే: చెయ్యి ఆపకు, అడుగంటుతుంది. తెడ్డు పట్టుకున్న మనిషి ఫోను మోగినా కదలకూడదు, పిల్లాడు ఏడ్చినా కదలకూడదు. ఆ శిక్షణలో పెరిగిన చెయ్యి ఊరికే వేలాడుతూ ఉండలేకపోతోంది. పెద్దావిడ కళ్ళజోడు పైనుంచి నా చేతి వైపు చూసి, ‘‘దాన్ని జేబులో పెట్టుకో’’ అంది.

ఎందుకు ముట్టుకోకూడదో కాస్త చదివాకే బోధపడింది. గది వేడిలో 100 గ్రాముల నీళ్ళు సుమారు 200 గ్రాముల పంచదారని కరిగించుకుంటాయి. మరిగే నీళ్ళయితే 480 గ్రాముల పైమాటే. మరిగించి, నీరు చాలావరకు ఇగరబెట్టి, ఆ పాకాన్ని కదపకుండా చల్లారనిస్తే, ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ పంచదార అందులో ఇరుక్కుని ఉంటుంది. బయటపడడానికి సాకు వెతుక్కుంటూ ఉంటుంది. గిన్నె అంచు నుంచి రాలిన ఒక్క పలుకు చాలు, గరిటె ఒక్క తిప్పు చాలు. పెళ్ళిలో ఒకరు ధైర్యం చేసి విస్తరి ముందు కూర్చోగానే జనమంతా ఆ వరుసలోకే వచ్చి పడినట్టు, పంచదారంతా ఆ మొదటి పలుకు పక్కన చేరుతుంది. పాకం వేడిగా, పల్చగా ఉన్నప్పుడు ఇది జరిగితే కొద్ది పలుకులే పుట్టి, బాగా ఎదుగుతాయి, పళ్ళ కింద కరకరమంటాయి. అదే 43 డిగ్రీల దాకా చల్లారి చిక్కబడ్డాక గిలకొడితే లెక్కలేనన్ని పలుకులు ఒక్కసారే పుడతాయి, దేనికీ ఎదగడానికి చోటుండదు. నాలుక వాటిని పట్టుకోలేదు. ఫడ్జ్ నునుపంతా ఇంతే. అందులో పలుకులు లేవని కాదు, మరీ ఎక్కువ ఉన్నాయని.

కొందరు ఇందులో చెంచాడు కార్న్ సిరప్ వేస్తారు. అందులోని గ్లూకోజు పంచదార పలుకుల మధ్య అడ్డంపడి వాటిని తొందరగా కలవనివ్వదు. లడ్డూ పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండే మన పద్ధతిదీ అదే పని. పులుపు తగిలితే పంచదారలో కొంత గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోతుంది. బెల్లంలో ఆ రెండూ ముందే కొంత ఉంటాయి. అరిసెల పాకాన్ని అంత నిర్భయంగా తిప్పగలుగుతున్నామంటే మన చేతి గొప్పతనం కొంత, బెల్లం మంచితనం కొంత.

సరే, ఆ గిన్నె చల్లారడానికి గంట పైనే పట్టింది. అప్పుడు చెక్క గరిటె నా చేతికి వచ్చింది. అప్పటిదాకా ఊరుకున్నందుకు వడ్డీతో సహా కట్టాల్సి వచ్చింది. మొదట్లో పాకం సాగుతూ, నిగనిగలాడుతూ, గరిటె వెంట తాడులా లేచింది. మణికట్టు పీకడం మొదలైంది. చెయ్యి మార్చుకున్నాను. కాసేపటికి రంగు ఒక ఛాయ లేతబడింది. గరిటె తిప్పిన గీత వెంటనే పూడుకోకుండా నిలబడడం మొదలైంది. పెద్దావిడ కుర్చీలోంచి లేచి నా భుజం పక్కన నిలబడింది. ఆవిడ చూస్తున్నది చిక్కదనం కాదు, మెరుపు. ఉన్నట్టుండి గిన్నెలో మెరుపు పోయింది. తడి నేల ఆరిపోయేటప్పుడు రంగు మారుతుందే, అంత స్పష్టంగా. ‘‘ఇప్పుడు!’’ అంది. ఆ క్షణం దాటితే గిన్నెలోనే బిగుసుకుపోతుంది. వెన్న రాసిన పళ్ళెంలోకి కుమ్మరించి, అక్రోటు ముక్కలు అద్దేలోపే అంచులు గట్టిపడ్డాయి.

మరుసటి క్రిస్మస్‌కి మా అమ్మ వచ్చింది. మాది గుంటూరు వైపు. అమెరికా లూథరన్ మిషను తరఫున హేయర్ దొర 1842లో అక్కడికి వచ్చిన తర్వాత మా ముత్తాతల కాలంలో ఎప్పుడో ప్రార్థన మారింది గానీ పాకం మారలేదు. ఇంటి ముందు కాగితం నక్షత్రం కట్టేనాటికి బియ్యం నానబోసి ఉండాలి, క్రిస్మస్ ముందురోజుకి అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు డబ్బాల్లో సర్ది ఉండాలి. ఇరుగుపొరుగుకి, మతం చూడకుండా, పళ్ళేల్లో పంచిపెట్టి రావాలి. సంక్రాంతికి వాళ్ళ పళ్ళేలు మా ఇంటికొచ్చేవి. అమ్మకి ఫడ్జ్ వెనకాల ఉన్న మర్యాద మొత్తం డబ్బా చూడగానే అర్థమైంది. ‘‘ఖాళీ డబ్బా పంపకే, అందులో నాలుగు అరిసెలు పెట్టు’’ అంది.

అరిసెలు వండుతున్నామని తెలిసి పెద్దావిడ తన థర్మామీటరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అమ్మ నీళ్ళ గిన్నె పక్కన పెట్టుకుంది. బెల్లం పాకం పొంగి, దిగి, చిక్కబడుతుంటే ఒక చుక్క నీళ్ళలో వేయడం, వేలితో దగ్గరికి లాగడం, పెదవి విరవడం. మళ్ళీ ఒక చుక్క. ఇద్దరూ ఒకరి పనిముట్టు వైపు ఒకరు అనుమానంగా చూసుకుంటున్నారు. నీళ్ళలో పాకం చెదరకుండా మెత్తటి ఉండయింది. అమ్మ ‘‘చాలు’’ అంది. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని థర్మామీటరు చూసింది. ఫడ్జ్ కోసం తను ఎప్పుడూ ఆగే గీతకి ఒక వెంట్రుకవాసి పైన ఉంది ముల్లు. అందులో వింతేం లేదు నిజానికి. పాకంలో నీరు తగ్గేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. అంటే థర్మామీటరు పైకి వేడి చెబుతున్నట్టుంటుంది గానీ చెప్పేది ఇంకెంత నీరు మిగిలిందనేదే. అమ్మ వేలు కూడా అడిగేది అదే. థర్మామీటర్లు ఇళ్ళలోకి రాకముందు అమెరికా ఆడవాళ్ళూ చన్నీళ్ళ గిన్నెలోనే చూసుకునేవారు. ఇదంతా నేను ఇద్దరికీ రెండు భాషల్లో విడమరిచి చెబుతుంటే, అమ్మ నా మాట పూర్తికాకుండానే ‘‘పిండి వెయ్యి, ముదురుతోంది’’ అని తెడ్డు అందుకుంది.

చిక్కంతా మర్నాడు ఫడ్జ్ దగ్గర వచ్చింది. పొయ్యి మీంచి దించే దాకా అమ్మ మహా ఒబ్బిడిగా చూసింది. పెద్దావిడ కుర్చీ చూపించింది. అమ్మ కూర్చోలేదు.

‘‘అలా వదిలేస్తారేంటే, అడుగంటదూ?’’

‘‘పొయ్యి ఆర్పేశాం కదమ్మా.’’

‘‘ఆర్పితే మాత్రం? వెన్న విడిపోయి తేలుతోంది చూడు.’’

నేను ఫోను మాట్లాడి వచ్చేసరికి వెన్న తేలడం లేదు. చక్కగా కలిసిపోయి ఉంది. గరిటె కడిగి బోర్లించి ఉంది. పెద్దావిడ గిన్నెలోకి చూసింది, అమ్మ వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆ పూట ఫడ్జ్ పలుకు తేలింది. ఇలా పలుకు తేలిన ఫడ్జ్‌కి విరుగుడు ఉంది, కాసిని నీళ్ళు పోసి మొత్తం కరిగించి మళ్ళీ మొదటినుంచి ఆ వేడికి తీసుకురావడమే. కానీ అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, ‘‘ఇదే బాగుంది, కోవాలా పలుకుతోంది’’ అని తేల్చేసింది. స్కాట్లండ్‌లో ట్యాబ్లెట్ అని ఒక తీపి ఉంది, దానికి ఆ పలుకే అందం. కాబట్టి అమ్మది పూర్తిగా అడ్డవాదన కాదు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ పలుకు కాదు, అమ్మ కూర్చోకపోవడం. పండగ పూట వంటింట్లో కుర్చీ వేసుక్కూర్చోవడం మా ఇళ్ళలో ఆడవాళ్ళకి నామోషీ. కూర్చుంటే ఒళ్ళు బాగాలేదా అని అడుగుతారు. మన పిండివంటల్లో ఆగాల్సిన ఘట్టాలు లేవనుకోకండి. బియ్యం నానాలి, వడకట్టి ఆరాలి, పిండి జల్లించాలి. నానే ఆ రాత్రంతా బియ్యం పని బియ్యం చూసుకుంటుంది. కానీ ఆ ఖాళీలోకి అమ్మ ఇల్లు కడగడం తోస్తుంది, కొబ్బరి కోరడం తోస్తుంది, మామిడాకుల తోరణమంత పొడవు జాబితా తోస్తుంది. ఆగడం ఉంది, కూర్చోవడం లేదు. ఫడ్జ్ పాళ్ళలో మాత్రం ఈ గంట అచ్చులో ఉంది. చల్లారేదాకా కలపవద్దు అని పుస్తకమే చెప్పాక, కూర్చున్న ఆడమనిషిని సోమరి అనడానికి ఎవరికీ నోరు రాదు. పెద్దావిడకి ఆ గంటలో గళ్ళ నుడికట్టు పూర్తవుతుంది. వాసర్ పిల్లలు ఆ గంటసేపు ఏం మాట్లాడుకునేవారో ఊహించగలను. గిన్నె చల్లారడం ఒక వంక, కబుర్లు అసలు సంగతి అయి ఉంటాయి.

తర్వాతి గిన్నెకి అమ్మని బతిమాలి కూర్చోబెట్టాం. మిషను బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు అమ్మకి కాస్త మిగిలి ఉంది. దొరసానమ్మకి పిల్లలెందరో, మోకాళ్ళకి ఏం మందు వాడుతుందో, భర్త పోయి ఎన్నేళ్ళయిందో ఆ గంటలో రాబట్టింది. అన్నేళ్ళు పక్కింట్లో ఉన్న నాకు అందులో సగం తెలియదు.

ఈ గంటని ఎగ్గొట్టే దారులూ లేకపోలేదు. 1950లలో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు ఆయన భార్య మేమీ ఫడ్జ్ దేశమంతా పాకింది. మిలియన్ డాలర్ ఫడ్జ్ అన్నారు దాన్ని. పంచదార, డబ్బా పాలు, వెన్న మరగబెట్టి, ఆ మరుగుతున్న పాకాన్ని చాక్లెట్ ముక్కల మీద, మార్ష్‌మాలో క్రీం మీద పోసి కలిపేయడమే. ఆ క్రీంలో కార్న్ సిరప్ ఉంటుంది, చాక్లెట్‌లోని కోకో వెన్న చల్లారి తనంతట తానే బిగుస్తుంది. పలుకు పుట్టుక మీద అంత పట్టింపు ఉండదు. ఇంకా తేలిక కావాలంటే మిల్క్‌మెయిడ్ డబ్బా, చాక్లెట్ ముక్కలు, మైక్రోవేవ్. ఆఫీసు వాళ్ళకి పంచాల్సి వస్తే నేనూ అదే చేస్తాను, ఎవరూ తేడా కనిపెట్టలేదు. రుచికి లోటు లేదు. కానీ అది అయిపోతుంది, అంతే. దాని పక్కన కూర్చోవడానికి నాకు వంక దొరకదు.

హ్యూరాన్ సరస్సులో మాకినా దీవి ఉంది. 1898 నుంచి అక్కడ మోటారు బళ్ళు నిషిద్ధం, గుర్రపు బళ్ళే. వేసవిలో పడవ దిగగానే గుర్రపు లద్దె వాసన, ఫడ్జ్ వాసన కలిసి ఎదురొస్తాయి. అక్కడి దుకాణాల్లో మరిగిన పాకాన్ని పెద్ద పాలరాతి బల్ల మీద పోసి, కాస్త చల్లారనిచ్చి, పొడుగు తెడ్లతో అంచులు మడుస్తూ దిమ్మలా లేపుతారు. జనం గాజు కిటికీ ఇవతల నుంచి నోరు తెరిచి చూస్తారు. ఇలా వచ్చే యాత్రికులకి స్థానికులు ‘‘ఫడ్జీలు’’ అని పేరు పెట్టారు. రాయి చల్లదనం వల్ల అక్కడ పని చకచకా అయిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. చల్లారడాన్ని తమాషాగా మార్చడం వ్యాపారానికి తెలిసిన విద్య.

ఫడ్జ్ అమెరికాదే కావచ్చు, కోకో ఇప్పుడు మన పెరట్లోదే. దేశంలో కోకో పంటలో ఆంధ్రప్రదేశ్‌దే ముందువరస. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడన ఈ చెట్లు పెరుగుతాయి. కాయలు కొమ్మల చివర కాదు, మాను బెరడుకే అతుక్కుని కాస్తాయి. తెల్ల గుజ్జుతో ఉన్న గింజల్ని పెట్టెల్లో పోసి కప్పి కొన్ని రోజులు పులియనిస్తారు, తర్వాత ఎండబెడతారు. చాక్లెట్ వాసనకి పునాది ఆ పులుపులోనే పడుతుంది. పెట్టె పక్కన నిలబడి తొందరపెడితే గింజ వినదు.

హైదరాబాదులో ఉన్న మా చెల్లికి ఈసారి చేయాలని సరదా పుట్టి ఫోను చేసింది. పాళ్ళు చెప్పి, ఒక జాగ్రత్త చెప్పాను. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉంది, నీళ్ళు వందకి కాదు, 98 దగ్గరే మరుగుతాయి. ముందు ఉత్త నీళ్ళు మరిగించి థర్మామీటరు ఎంత చూపిస్తుందో చూసుకుని, వందకి ఎంత తక్కువైతే 112లో అంత తగ్గించుకోవాలి. లేదా అమ్మని పక్కన పెట్టుకుని నీళ్ళ గిన్నెలో చూడాలి. తర్వాత గంటసేపు ముట్టుకోకూడదన్నాను. అవతల కాసేపు మాట లేదు.

‘‘గంటసేపు ఊరికే ఉండాలా? అది కుదిరే పని కాదక్కా. అత్తయ్యగారు మూత తీసి చూస్తారు, పిల్లలు వేలు పెడతారు, ఈయన కదిపి పోతారు.’’

‘‘మరి?’’

‘‘వాళ్ళందరినీ ఆ గంట సినిమాకి పంపిస్తాను. డబ్బులు నువ్వు పంపు.’’